ఈ ఉమర్‌లో గిటారా?

గిటార్ కొన్న రోజు దాన్ని ఇంటికి తేవడానికి ఇషా నమాజు అయ్యేదాకా ఆగాను.

అబద్ధమెందుకు, భయమేసింది. మా గల్లీ మొదట్లో పాన్ డబ్బా, మధ్యలో మసీదు, చివర్లో మా ఇల్లు. ఇంకే వస్తువునైనా సంచిలో వేసుకుని గుట్టుగా తెచ్చుకోవచ్చు. గిటార్‌ను తెచ్చుకోలేం. నల్లటి కవర్లో పెట్టినా ఆ నడుమూ ఆ పొడుగాటి మెడా చూసి పసిపిల్లాడు కూడా అదేంటో చెప్పేస్తాడు. దుకాణంలోనే గంటసేపు అవీ ఇవీ చూస్తూ కాలక్షేపం చేసి, జమాత్ అయిపోయి జనం ఇళ్లకు చేరి ఉంటారనుకున్నాక ఆటో దిగాను. పాన్ డబ్బా చాచా చూడనే చూశాడు.

"బేటే కే వాస్తే క్యా మియా?" అన్నాడు.

"హౌ చాచా, బేటే కే వాస్తే" అన్నాను.

నాకు 46 ఏళ్లు. పేపర్లో 22 ఏళ్ల సర్వీసు. మంత్రుల ముఖం మీద ప్రశ్నలడిగి వాళ్ల జవాబులో అబద్ధం ఎక్కడుందో రాసినవాణ్ణి. పాన్ డబ్బా ముందు నిలబడి, నా షౌక్‌ను నాది అని చెప్పుకోలేక కొడుకు నెత్తిన పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

షౌక్ ఇవాళ్టిది కాదు. మాది కడప. మా ఖాలా వాళ్లు గుంతకల్లులో ఉండేవాళ్లు, ఖాలూ రైల్వేలో ఫిట్టరు. ఎండాకాలం సెలవులకు అక్కడికి పోతే రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ల ఇళ్లుండేవి. ఒక ఇంటి వరండాలో ఒక ముసలాయన సాయంత్రం పూట బనీన్‌తో కూర్చుని గిటార్ వాయించేవాడు. ఏం పాటో నాకు తెలీదు. గేటు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఒకరోజు లోపలికి రమ్మని చెయ్యూపాడు. నేను పరుగెత్తి పారిపోయాను. ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను, ఆ రోజు గేటు తీసుకుని పోయుంటే ఎలా ఉండేదని. మరుసటి ఏడు పోయేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు.

క్లాసు టిఫిన్ సెంటరు పైన ఒక గదిలో. కింద నుంచి దోసెల వాసన, పైన పదిమంది పిల్లలు. నేర్పే అబ్బాయికి 23 ఏళ్లు, ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు. మన ఊళ్లలో గిటార్ ఇప్పటికీ బతికున్నది చాలావరకు చర్చిల పుణ్యమే, అదొక పెద్ద కథ, ఇంకోసారి రాస్తాను. మొదటి రోజు నేను పోయి నిలబడితే నా వెనక్కి చూసి "బాబు ఎక్కడ సార్?" అన్నాడు. బాబు లేడు, నేనే అన్నాను. నవ్వలేదు. రిజిస్టరు తీసి తొమ్మిదేళ్ల పాప పేరు కింద నా పేరు రాసుకున్నాడు. నెలకు 1,500 రూపాయలు. ఆ రోజు నుంచి వాణ్ణి ఉస్తాద్ అని పిలుస్తున్నాను. సిగ్గుపడి చస్తాడు. నాకు మాత్రం ఆ పిలుపులో ఎగతాళి ఏమీ లేదు.

నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం అసలు సంగతి చెప్తాను. గిటార్‌కు ఆరు తీగలు. కుడిచేత్తో మీటడం తేలికే అనిపిస్తుంది. కష్టమంతా ఎడమచేతిది. ఉక్కు తీగను వేలి కొసతో చెక్క మీదికి అదిమి పట్టాలి. మొదటి పదిహేను రోజులూ వేళ్ల చివర్లు ఎర్రగా కమిలి, తీగ అచ్చు గాట్లలా పడిపోయాయి. వజూ చేస్తుంటే చన్నీళ్లు తగిలి చుర్రుమనేది. మూడు నాలుగు వారాలకు తోలు గట్టిపడి కాయ కాసింది, నొప్పి పోయింది. గోళ్లు పొట్టిగా ఉండాలన్నాడు ఉస్తాద్. అది మనకు జుమ్మారోజు అలవాటే, దాంట్లో కష్టం లేదు.

తీగను ఎక్కడ అదమాలో కూడా ఒక లెక్కుంది. మెడ మీద అడ్డంగా లోహపు గీతలుంటాయి, ఫ్రెట్లు. వేలు ఆ గీత మీద పెట్టకూడదు, దానికి కొంచెం వెనకే పెట్టాలి. గీత మీద పెడితే శబ్దం చచ్చిపోతుంది, మరీ దూరంగా పెడితే గరగరమంటుంది. ఈ మాట నాకు చెప్పింది ఉస్తాద్ కాదు. రిజిస్టర్లో నా పైనున్న ఆ తొమ్మిదేళ్ల పాప. "అంకుల్, వేలు వెనక్కి జరపండి, ఏడుస్తోంది చూడండి తీగ" అంది. నిజంగానే ఏడుస్తోంది.

స్వరాలు రాసుకునే పద్ధతొకటి ఉంది, టాబ్ అంటారు. ఆరు తీగలకు ఆరు అడ్డగీతలు. ఒడిలో పెట్టుకుంటే పైనుండేది లావు తీగ, కాగితం మీద మాత్రం అది అడుగున ఉంటుంది. నేను ఉర్దూ కుడి నుంచి ఎడమకు నేర్చుకుని, తెలుగు ఎడమ నుంచి కుడికి నేర్చుకుని బతికి బయటపడ్డవాణ్ణి. ఇప్పుడు తలకిందులుగా చదవడం కూడా వచ్చింది, అల్హందులిల్లాహ్.

ఇ మైనర్ రెండు వేళ్లతో వస్తుంది. జి, సి, డి మూడేసి వేళ్లు. ఒక్కో కార్డు విడిగా పట్టుకోవడం వారంలో వచ్చేసింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి రెండు నెలలు పట్టింది. పాట ఆగదు కదా, వేళ్లేమో ఒక్కొక్కటే ముసలివాళ్లు బస్సెక్కినట్టు ఎక్కుతాయి. ఇక ఎఫ్. చూపుడు వేలు ఒక్కదాన్నే అడ్డంగా పడుకోబెట్టి ఆరు తీగల్నీ ఒకేసారి అదమాలి, మిగతా మూడు వేళ్లు వాటి పని అవి చేయాలి. ప్రపంచంలో గిటార్ కొన్నవాళ్లలో చాలామంది దీని దగ్గరే దాన్ని అటక మీద పెట్టేస్తారని ఉస్తాద్ అంటాడు. నేను ఆరో నెలలో ఉన్నాను. ఇంకా ఆరు తీగల్లో నాలుగే మోగుతున్నాయి.

పిల్లలకు తొందరగా వస్తుంది, పెద్దలకు రాదు అంటారు. నేను చూసినంతలో ఇది సగమే నిజం. స్వరం వినగానే దాని పేరు చెప్పగలిగే చెవి చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్లకే ఎక్కువగా అబ్బుతుంది, అది ఒప్పుకోవాలి. కానీ న్యూయార్క్ యూనివర్సిటీలో పనిచేసిన గ్యారీ మార్కస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు నలభై ఏళ్ల వయసులో గిటార్ పట్టుకుని, ఆ అనుభవం మీద 2012లో ఒక పుస్తకం రాశాడు. ఒక వయసు దాటితే ఇక తలుపు మూసుకుపోతుందన్న నమ్మకానికి మనం అనుకున్నంత బలం లేదంటాడు. మా క్లాసులో నేను చూసింది వేరు. ఆ పాప ఒకే తప్పు నలభైసార్లు చేస్తుంది, నలభైసార్లూ నవ్వుతుంది, నలభై ఒకటోసారి దానికి వచ్చేస్తుంది. నేను మూడోసారికే చుట్టూ చూస్తాను, ఎవరన్నా విన్నారా అని. ఆమెకూ నాకూ తేడా వేళ్లలో లేదు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వస్తాను.

గిటార్ సంగతి దాగలేదు. ఖాన్‌దాన్ అంతా పాకింది. మామూ ఫోన్ చేశాడు. "అస్తగ్‌ఫిరుల్లాహ్, మౌసిఖీ హరామ్ అని తెలీదా నీకు, చదువుకున్నోడివి" అన్నాడు. నేను బదులు చెప్పలేదు. ఇదే మామూ కొడుకు నికాహ్‌లో, పాతబస్తీ బరాత్‌లో మర్ఫా మొదలయ్యేసరికి షేర్వానీ గుండీలు తెగేదాకా ఎగిరాడు. ఆ వీడియో నా ఫోన్లో ఉంది. ఇంకో రిష్తేదార్, మా కడప పెద్ద దర్గాకు ఏ.ఆర్. రెహమాన్ వస్తే చూడ్డానికి గోడెక్కినవాడు, ఆయన ఫోన్ మోగితే ఇప్పటికీ రెహమాన్ పాటే. ఆయనకూ నా గిటార్ గునాహ్‌లాగే కనపడింది.

ఒక్క మా భాయ్‌జాన్ మాట వేరు. పండక్కి వచ్చినప్పుడు గోడకున్న గిటార్‌ను చూశాడు. కోప్పడలేదు. "ఛోటే, ఇది ఉన్న కమరాలో నాకు నమాజు మీద మనసు నిలవదు" అన్నాడు. తీసి లోపలి గదిలో పెట్టాను. ఆయన ఇంట్లో టీవీ లేదు. ఫోన్లో పాటలుండవు. కూతురి షాదీ బ్యాండు లేకుండా, డీజే లేకుండా, మస్జిద్‌లో నికాహ్ చేసి ఖుర్మా పంచి ముగించాడు. సాజ్‌లు హరామ్ అని ఆయన నమ్ముతాడు, నమ్మినట్టే బతుకుతాడు. ఆ మనిషి ముందు నేను వాదించను. ఆయనకు ఇజ్జత్ ఇస్తాను.

మస్‌అలా గురించి నాకు తెలిసినంత చెప్తాను, ఫత్వా ఇచ్చే మొఖం కాదు నాది. ఇందులో ఇఖ్తిలాఫ్ ఉంది. దఫ్ లాంటి వాటిని వదిలేసి మిగతా సాజ్‌లు కూడవన్నది ఎక్కువమంది ఉలమా మాట. దాన్ని చిన్నది చేసి మాట్లాడ్డం బేఅదబీ. అందలూసియాలో పుట్టిన ఇబ్న్ హజ్మ్ లాంటివాళ్లు ఆ రివాయత్‌లను సరిపోవన్నారు. ఇమామ్ గజాలీ ఇహ్యాలో సమా గురించి ఒక భాగమే రాశారు, షరతులతో ఒప్పుకున్నారు. అయితే తీగ వాద్యాల దగ్గరికి వచ్చేసరికి ఆయన కూడా నా గిటార్‌కు దారివ్వలేదు, కాబట్టి ఆయన్ని నా వైపు లాక్కోను. మీ దిల్, మీ ఇల్మ్, మీరు నమ్మే ఆలిమ్ ఎటు చెప్తే అటు.

ఈ చర్చ వస్తే మనవాళ్లు వెంటనే అందలూస్‌కు పరుగెత్తుతారు. నేనూ పరుగెత్తాను. 822లో బగ్దాద్ వైపు నుంచి ఖుర్తుబా చేరిన జిర్యాబ్ ఊద్‌కు అయిదో తీగ కట్టాడంటారు. యూరప్ వాళ్ల లూట్ అన్న పేరే అల్ ఊద్ నుంచి వచ్చింది. ఫారాబీ మౌసిఖీ మీద పెద్ద కితాబ్ రాశాడు. ఇవన్నీ మామూకు చెప్పాను. "అందుకే ఖుర్తుబా పోయింది" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. వెయ్యేళ్ల కిందటి గొప్పలతో ఇవాళ్టి షర్మ్ పోదని మాత్రం అర్థమైంది.

దగ్గర్లోనే చూడొచ్చు కదా. చిలకలూరిపేట చుట్టుపక్కల నాదస్వరం తరతరాలుగా ముస్లిం ఇళ్లలో ఉన్న విద్య. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ తమిళదేశం పోయి శ్రీరంగంలో స్థిరపడి, అక్కడివాళ్లకే నాదస్వరం నేర్పారు. ఆయన పేరు నా టెన్త్ అయ్యేదాకా నేను వినలేదు. ఆ పేరు మొదట నాకు చెప్పింది మన మొహల్లా పెద్దలు కాదు, కాలేజీలో తెలుగు మేష్టారు.

ఇంకొకాయన ఉన్నాడు, యూసుఫ్ ఇస్లామ్. లండన్‌లో పుట్టి క్యాట్ స్టీవెన్స్ పేరుతో లోకమంతా మోగినవాడు. 1977లో ఇస్లామ్ తీసుకున్నాడు. తర్వాత గిటార్లు వేలంలో అమ్మి, ఆ డబ్బు ఖైరాత్‌గా ఇచ్చేసి పాటలు మానేశాడు. ఏళ్లు గడిచాక కొడుకు ఒక గిటార్ ఇంటికి తెచ్చుకుంటే, ఒకరోజు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు మర్చిపోలేదు. 2006లో, 58 ఏళ్ల వయసులో, మళ్లీ ఆల్బమ్ తెచ్చాడు. ఖుర్‌ఆన్‌లో సంగీతం మీద నేరుగా నిషేధం తనకు కనపడలేదన్నాడు. కాదనేవాళ్లు కాదన్నారు. నాకు మాత్రం ఆయన గిటార్ అమ్మేసినప్పుడూ అల్లాహ్‌కు భయపడే అమ్మాడు, తీసుకున్నప్పుడూ ఆ భయంతోనే తీసుకున్నాడనిపిస్తుంది. లోగాఁ ఏమంటారన్న భయం రెండుసార్లూ కనపడదు.

మా అమ్మీ ఏమందో చెప్పనే లేదు కదా. ఆమెకు 74. ఐదు పూటలా నమాజు, సోమ గురువారాల రోజా. ఫోన్లో సంగతి విని కాసేపు ఊరుకుని, "కైకు బేటా? ఇత్తీ ఉమర్‌మే? లోగాఁ క్యా బోల్తే?" అంది. గమనించండి. గునాహ్ అనలేదు. ఈ వయసులో ఎందుకు, జనం ఏమనుకుంటారు అంది. ఇంట్లో అందరికంటే దీన్‌దార్ ఆమే, అందరికంటే నిజం చెప్పింది కూడా ఆమే. మామూ కూడా లోపల అన్నది ఇదే. హరామ్ అన్న పెద్ద మాట వెనక దాచుకుని అన్నాడు.

నా వాదనంతా ఇక్కడే ఉంది. మన ఇళ్లలో నలభై దాటిన మనిషి నేర్పాలి తప్ప నేర్చుకోకూడదు. నసీహత్ చేయొచ్చు, తప్పు చేయకూడదు. ఒకవేళ నేర్చుకున్నా దాని వల్ల నాలుగు డబ్బులు రావాలి. కంప్యూటర్ నేర్చుకుంటే శభాష్, కారు నేర్చుకుంటే శభాష్. దేనికీ పనికిరానిది, కేవలం దిల్ అడిగిందని నేర్చుకుంటే వాడికేదో అయిందని చూస్తారు. దాన్ని ఆపడానికి దీన్‌ను అడ్డం పెట్టడం దీన్‌కు మర్యాద కాదు. షర్మ్ అయితే షర్మ్ అని చెప్పండి, భాయ్‌జాన్‌లా నమ్మకమైతే నమ్మకమని చెప్పండి.

షర్మ్ నాకు కొత్త కాదు. టెన్త్ దాకా ఉర్దూ మీడియం. ఇంటర్లో తెలుగు తీసుకున్నాను, ఎందుకో ఇప్పటికీ సరిగా చెప్పలేను, బజార్లో కథల పుస్తకాలు చూసి చదవాలనిపించింది, అంతే. మొదటి నెలలో మేష్టారు పాఠం పైకి చదవమన్నారు. నాకు గుడికీ ఎత్వానికీ తేడా కంటికి ఆనేది కాదు. 'పెళ్లికి ముహూర్తం పెట్టారు' అన్నదాన్ని 'పిల్లికి ముహూర్తం పెట్టారు' అని చదివాను. క్లాసు గంట కొట్టేదాకా నవ్వింది. రెండేళ్లపాటు నా పేరు పిల్లి సాయిబు. మేష్టారు ఒక్కరే నవ్వలేదు, "పిల్లికి మాత్రం ముహూర్తం వద్దా, తర్వాతి వాక్యం చదువు" అన్నారు. ఆ తర్వాతి వాక్యం చదివాను కాబట్టే డిగ్రీ తెలుగులో చేశాను, ఇవాళ తెలుగులో రాసుకుని రోటీ తింటున్నాను. ఆ రోజు ఎవ్వరూ కైకు అని అడగలేదు. అడగకపోవడానికి కారణం నా వయసు పదహారు.

మా వాడు ఎనిమిదో తరగతిలో గిటార్ అడిగాడు. "పహలే పఢాయీ" అన్నాను. అంత తేలిగ్గా అన్నాను. ఇప్పుడు వాడు ఇంటర్ రెండో ఏడాది, పొద్దున ఆరింటికి పోతే రాత్రి ఎనిమిదికి వస్తాడు. నేను గిటార్ తెచ్చిన రోజు దాన్ని ఒకసారి ఒళ్లో పెట్టుకుని తీగ మీటి, "బాగుంది అబ్బా" అని పక్కన పెట్టేసి రికార్డు రాసుకోడానికి పోయాడు. వాస్తవానికి పాన్ డబ్బా దగ్గర నేను చెప్పింది అబద్ధం కాకుండా ఉండాల్సింది, నాలుగేళ్ల కిందట.

ఇక మా బేగం.

నాది డెస్క్ డ్యూటీ, ఎడిషన్ అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. కాబట్టి రియాజ్ మధ్యాహ్నం, జుహర్ తర్వాత. రోజూ ఇరవై నిమిషాలు చేయి, ఆదివారం రెండు గంటలు చేయడంకంటే అదే మేలు అన్నాడు ఉస్తాద్, అది నిజమే. ఆ ఇరవై నిమిషాలు బేగం పక్క గదిలో కుట్టు మిషను మీద ఉంటుంది. చీరలకు ఫాల్స్, పికో, జాకెట్లు. ఒక నెలయ్యాక వేళ్లకు కాసిన కాయలు ఆమెకు గొప్పగా చూపించాను. ముట్టుకుని చూసింది. తన వేళ్లు నా ముందు పెట్టింది. సూది పట్టే వేళ్లు, పెనం మీద రోటీ తిప్పే వేళ్లు. నా కాయలు వాటి ముందు పసివి.

"మీరు రోజూ ఇరవై నిమిషాలు తీసుకుంటున్నారు" అంది. "ఎవరు ఇచ్చారు?"

జవాబు చెప్పలేకపోయాను. నేనే తీసుకున్నాను, ఎవర్నీ అడగలేదు. ఆ ఇరవై నిమిషాల్లో తలుపు కొడితే తనే లేచింది, కుక్కర్ కూస్తే తనే లేచింది.

"నాకూ ఒకటి నేర్చుకోవాలనుంది" అంది. ఏమిటన్నాను. తెలుగు చదవడం అంది.

ఆమె కూడా ఉర్దూ మీడియమే, టెన్త్ దాకా. తెలుగు మాట్లాడుతుంది, కస్టమర్లతో బేరాలన్నీ తెలుగులోనే. చదవడం రాదు. పెళ్లయి 20 ఏళ్లు. ఈ 20 ఏళ్లలో నేను రాసింది ఒక్క ముక్క ఆమె చదవలేదు. పేపర్లో నా పేరు వస్తే ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపించేవాణ్ణి, ఆమె మాషా అల్లాహ్ అని మడిచి దాచేది. ముస్లిం ఆడవాళ్ల చదువు మీద నేను ఎన్ని వ్యాసాలు రాశానో లెక్క లేదు. అవన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి, మడతలు పెట్టి.

సరే, నేర్పుతానన్నాను. పలక మీద కాదు, నేరుగా పేపరు హెడ్డింగులతోనే మొదలెట్టాం. నాలుగో రోజు ఒక ఇంటి వార్తలో 'వంట గది' అన్నచోట 'పంట గది' అని చదివింది. నేను నవ్వాను. పకపకా నవ్వాను. ఆమె పేపరు మడిచి మిషను దగ్గరికి వెళ్లిపోయింది. వారం రోజులు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పిల్లి సాయిబును నేనే. క్లాసంతా నవ్విన రోజు ముప్పై ఏళ్లయినా మర్చిపోనివాణ్ణి. అయినా నవ్వొచ్చింది చూడండి. మనకు వచ్చేసిన విద్య రానివాళ్లకు ఎలా ఉంటుందో ఎంత తొందరగా మర్చిపోతామో. ఆ వారం క్లాసులో ఎఫ్ పట్టుకుని చెమటలు కక్కుతుంటే, ఉస్తాద్ నా చూపుడు వేలు పట్టుకుని కొంచెం పక్కకు తిప్పి, వేలి ఎముక ఉన్న వైపుతో అదమండి సార్, మెత్తటి వైపుతో కాదు అన్నాడు. ఇరవై మూడేళ్ల పిల్లాడు. ఆరు నెలలుగా రోజూ నా తప్పు వింటున్నాడు. ఒక్కసారీ నవ్వలేదు. ఇంటికొచ్చి బేగంకు మాఫీ చెప్పాను. పిల్లి సాయిబు కథ కూడా అప్పుడే చెప్పాను, ఇరవై ఏళ్లుగా దాచిన కథ. ఈసారి ఆమె నవ్వింది, కళ్లనీళ్లు వచ్చేదాకా.

ఇప్పుడు లెక్క మార్చుకున్నాం. జుహర్ తర్వాత నా ఇరవై నిమిషాలు, అసర్ తర్వాత ఆమెవి ఇరవై. ఆమె ఇరవైలో తలుపు కొడితే, కుక్కర్ కూస్తే నేను లేవాలి. చెప్పినంత తేలిక కాదు, రెండుసార్లు పప్పు మాడింది. పపవల తేడా ఆమెకు వచ్చేసింది. ఒత్తుల దగ్గర ఇంకా ఆగుతుంది. బస్సు బోర్డులు చదువుతుంది, షట్టర్ల మీది పేర్లు చదువుతుంది. మొన్న కూరగాయల బండి దగ్గర చీటీ చదివి, చెప్పిన ధరకూ రాసిన ధరకూ తేడా ఉందని ఎనిమిది రూపాయలు వెనక్కి తీసుకుంది. నా గిటార్ ఇప్పటిదాకా ఎనిమిది రూపాయలు తేలేదు.

అమ్మీకి కూడా ఫోన్లో చెప్పింది, తెలుగు చదువుతున్నానని. "ఇత్తీ ఉమర్‌మే?" అంది అమ్మీ. కాసేపాగి, "మందు చీటీ మీద ఏముందో చదవడం వస్తే నాకూ చెప్పు" అంది.

ఈ వ్యాసం రాసి మొదటి పేజీ ప్రింటు తీసి బేగం ముందు పెట్టాను. వేలు పెట్టుకుని చదివింది. పైనుంచి 'హౌ చాచా' దాకా రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. నేను మధ్యలో ఒక్క అక్షరం అందివ్వలేదు, నోరు కట్టుకుని కూర్చున్నాను. అక్కడ ఆగి తలెత్తి నా వైపు చూసింది.

"పాన్ డబ్బా చాచాకు తర్వాతైనా నిజం చెప్పారా?" అని అడిగింది.

లేదన్నాను.

"రేపు పాలకు పోయినప్పుడు చెప్పండి" అని, కాగితం మీద మళ్లీ వేలు పెట్టింది.